పెద్దమ్మ వదిలిన తెలుపు

తెనాలిలో ఆ పుస్తకావిష్కరణ సభ మధ్యలో నేను లేచి వచ్చేసినందుకు నిర్వాహకులు మైకులో ఒక కారణం చెప్పారట. పెద్దావిడకి షుగరు డౌనయిందని. నాకు షుగరు లేదు. ఆ సాయంత్రం దాకా బీపీ కూడా లేదు. నేను లేచి వచ్చేసింది ఒళ్ళు మండి. మర్నాటి నుంచి మా బాపట్లలో ఎదురైన ప్రతివాళ్ళూ 'ఇప్పుడెలా ఉందండి టీచరుగారూ, ఎండన పడి తిరగబాకండి, మజ్జిగ తాగండి' అని పరామర్శిస్తుంటే ఆ మంట ఇంకాస్త రేగింది. ఆడదానికి కోపం వస్తే దానికేదో జబ్బు అంటగట్టడం మనవాళ్ళకి ఎప్పటినుంచో ఉన్న అలవాటే. నేనూ ఉప్పూ కారం తినే మనిషినే కాబట్టి జరిగిన సంగతి ఇక్కడ రాసిపెడుతున్నాను. ఇది చదివాక నాకెవరూ మజ్జిగ తేకండి.

ఆ రోజు తెనాలిలో కొత్తగా అచ్చేసి ఆవిష్కరించింది మా పెద్దమ్మ ఒకప్పుడు బొమ్మలు వేసిన పిల్లల పుస్తకం. పేరు 'కొంగగారి జలుబు'. పొద్దస్తమానం కాలవలో నిలబడి నిలబడి ఒక కొంగకి జలుబు చేస్తుంది. అది తుమ్మినప్పుడల్లా చేపలు పారిపోతుంటాయి. తాబేలు మిరియాల కషాయం పట్టుకొస్తుంది, ఎండ్రకాయ ఆవిరి పట్టమంటుంది, కప్ప మాత్రం 'ఊరికే నీళ్ళలోంచి బయటికి రావచ్చుగా' అంటుంది. అంతే కథ. రాసింది తెనాలిలో ప్రెస్సు నడిపిన ఒక పంతులుగారు. కథ బాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ పిల్లలు ఆ పుస్తకాన్ని అట్టలూడిపోయేదాకా తిరగేసింది కథ కోసం కాదు, అందులోని నీటిరంగుల బొమ్మల కోసం. కాలవ బొమ్మ ఉన్న పేజీ రాగానే ప్రతి పిల్లా ఆ నీళ్ళ మీద వేలు పెట్టేది. పెట్టి, వేలు తడిసిందేమోనని చూసుకునేది. నేను బడిలో టీచరుగా ఉన్నన్నాళ్ళూ క్లాసు తర్వాత క్లాసు ఈ వేలు పెట్టడం చూశాను. నేర్పిన పాఠాలు ఎంతమందికి గుర్తున్నాయో నాకు తెలీదు గానీ, ఆ వేళ్ళు మాత్రం నాకు బాగా గుర్తున్నాయి.

మా నాన్న కాలవల శాఖలో గుమాస్తా. ఒక ఊళ్ళో సామాను సర్దుకునేలోపు ఇంకో ఊరికి బదిలీ అయ్యేది. ఈ తిరుగుళ్ళలో నా చదువు అటకెక్కుతోందని అమ్మ నన్ను రేపల్లెలో తన అక్క దగ్గర వదిలింది. పెద్దమ్మ పేరు ఎస్తేరు సుగుణ. మిషను ఆడపిల్లల బడిలో కుట్లూ డ్రాయింగూ చెప్పేది. పెదనాన్న లెక్కల మాస్టారు, లూథరన్ సంఘంలో పెద్ద. పిల్లల్లేరు. ఆ ఇంట్లో తెల్లవారడం పెదనాన్న హార్మోనియంతో తెల్లవారేది. ఒక కీర్తన, ఒక వాక్యం, ఒక ప్రార్థన. ప్రార్థన ఎంత పొడుగైతే ఆ రోజు ఇడ్లీలు అంత చల్లబడేవి. పెద్దమ్మ కళ్ళు మూసుకునే, చెయ్యి మాత్రం చాపి, పొయ్యిలో కట్టె వెనక్కి లాగేది. ఆవిడ ప్రార్థనలో ఉందో పొయ్యి దగ్గర ఉందో నాకెప్పుడూ తేలేది కాదు.

ఆ ఇంట్లో గంజి చుక్క కూడా వృథా పోయేది కాదు. వార్చిన గంజిలో సగం పెదనాన్న ఆదివారం పంచెలకి, సగం పెద్దమ్మ కాయితాలకి. ఆవిడ దళసరి కాయితాన్ని తొట్టిలో ముంచి, నీళ్ళోడుతుండగానే చెక్క మీద పరిచి, అంచుల చుట్టూ పాత న్యూస్‌పేపరు పేలికలు గంజితో అంటించేది. ఆరేసరికి కాయితం డప్పులా బిగిసేది. వేలితో కొడితే మోగేది కూడా. బాగా ఆరితే గదా మరి. రేపల్లె గాలి ఉప్పుగాలి. సముద్రం ఎంత దూరమున్నా ఆ గాలికి పట్టదు. వానాకాలంలో కాయితం ఎంతకీ ఆరకపోతే కుంపటి మీద చెక్కని ఎత్తి పట్టుకుని, అటూ ఇటూ తిప్పుతూ, అప్పడం కాల్చినంత జాగ్రత్తగా ఆరబెట్టేది. గంజీ, తడి కాయితమూ, బొగ్గూ కలిసిన ఆ వాసన ఇవాళ ఎక్కడ తగిలినా నాకు సాయంత్రం అయిందనిపిస్తుంది.

బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎసరు పెట్టి, వసారాలో కూర్చునేది. పక్కన రెండు గ్లాసులు. ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. ఆ గ్లాసుల జోలికి ఎవరూ వెళ్ళకూడదు. ఒకసారి పెదనాన్న పేపరు చదువుతూ చదువుతూ చెయ్యి చాపి, మంచినీళ్ళనుకుని వరిచేలు వేసిన కుంచె కడిగిన పచ్చ నీళ్ళు ఒక్క గుటకలో తాగేశారు. పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. ఆయన మీసాలు తుడుచుకుని, 'చేదుగా ఉందేంటే సుగుణా' అని మాత్రం అన్నారు. అన్నీ లెక్క ప్రకారం జరగాలనే మనిషి, ఆ మాటకి మాత్రం తనూ నవ్వేశారు. ఆ నవ్వులు కూడా గుర్తుపెట్టుకున్నాను కాబట్టే, తర్వాత ఆయన చేసిన పనికి నాకు ఇంత కోపం.

మద్రాసు నుంచి తెప్పించిన రంగుల డబ్బాలో తెల్లరంగు బిళ్ళ ఒకటుండేది. కొత్త డబ్బా రాగానే పెద్దమ్మ మొట్టమొదట ఆ బిళ్ళని చాకు మొనతో పెళ్ళగించి నాకిచ్చేసేది, పలక మీద గీసుకోమని. 'అదేంటి పెద్దమ్మా, కొంగ తెల్లగా ఉంటుందిగా, నీకు అక్కర్లేదా?' అని అడిగాను. 'తెలుపు డబ్బాలో ఉండదే. కాయితంలో ఉంటది. మనం చెయ్యాల్సిందల్లా దాన్ని పాడుచెయ్యకుండా చుట్టూ తిరిగి రావడమే' అంది. నాకప్పుడు అర్థం కాలేదు. ఆవిడ కొంగని వేసేదే కాదు. కొంగ చుట్టూ ఉన్న వరిచేను వేసేది. పచ్చలో పచ్చ కలుపుతూ, నీళ్ళు పారిన వైపు రంగుని పారనిస్తూ, ఒక చోటికి వచ్చేసరికి కుంచెని చటుక్కున పైకెత్తేసేది. ఇంకో వైపు నుంచి కాలవ నీలం వచ్చి అక్కడే ఆగేది. నేను పక్కనే కూర్చుని కళ్ళార్పకుండా చూసేదాన్ని, అయినా కొంగ ఎప్పుడు వచ్చి నిలబడేదో పట్టుకోలేకపోయేదాన్ని. అప్పటిదాకా ఏమీ లేని కాయితం, మరుక్షణం కొంగ. తడిగా ఉన్న ఆకాశం మీద చిటికెడు ఉప్పు చల్లేది. ఉప్పు గింజ పడిన చోటల్లా రంగు పక్కకి జరిగి చిన్న చిన్న తెల్ల పూలు పూసేవి. ఆరాక ఆ ఉప్పు దులపడం నా పని. నేను చేసిన కళాసేవ మొత్తం అదే.

ఆ పుస్తకంలో ఒక మంచు పేజీ ఉంది. జలుబు ముదిరిన కొంగ మంచులో దారి తప్పుతుంది, ఎవరికీ కనపడదు. ఆ పేజీ కోసం పెద్దమ్మ చలికాలంలో తెల్లవారుజామునే నన్ను లేపి కాలవ గట్టుకి తీసుకెళ్ళేది. నేను శాలువా కప్పుకుని వణుకుతూ నిలబడితే, ఆవిడ పెన్సిలు కూడా తియ్యకుండా ఊరికే చూసేది. పడవ సరంగు ఒకాయన 'ఏంటమ్మా, ఏదన్నా పోయిందా?' అని అడిగాడు. 'లేదన్నా, ఏం కనపడట్లేదు, అదే చూస్తన్నా' అంది పెద్దమ్మ. అతను మమ్మల్ని కాస్త అనుమానంగా చూసి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చి వేసేది, నచ్చక చించేది. మంచి కాయితాలు అన్నీ ఆ ఒక్క పేజీకే అయిపోయాయి. ఆఖరికి నిలబడిన బొమ్మలో ఏముందంటే, ఒక పసుపుపచ్చ ముక్కు, కింద రెండు నల్లటి కాళ్ళు, మూలగా పడవ ఉందా లేదా అనిపించే ఒక బూడిదరంగు మరక. మిగతాదంతా ఉత్త కాయితం. అయినా ఆ పేజీ చూస్తే చెవుల్లో చలి పెట్టేది. ఇది నేను పెద్దయ్యాక కల్పించి చెబుతున్న మాట కాదు. ఆ రోజు ఆ బొమ్మ చూసి నేను నిజంగానే చెవులు మూసుకున్నాను.

బొమ్మలన్నీ పూర్తయ్యాక రెండు చెక్కల మధ్య పెట్టి, పాత దుప్పటి చుట్టి, తాడుతో కట్టి, రేపల్లె నుంచి తెనాలికి పాసింజరెక్కాం. పెదనాన్న కూడా వచ్చారు. పెద్దమ్మ ఆ కట్టని ఒళ్ళో పెట్టుకుని ఎవర్నీ ఆనుకోనివ్వలేదు. ఎదురుగా కూర్చున్న ఒకావిడ 'ఏంటక్కా, అద్దమా?' అంటే, 'కాదమ్మా, కొంగలు' అని చెప్పింది. ఆవిడ కాళ్ళు వెనక్కి ముడుచుకుంది. భట్టిప్రోలు దాటాక చేలల్లో నిజం కొంగలు కనిపించాయి. 'చూడవే, ఆ రెక్క కింద ఏం రంగుంది?' అంది పెద్దమ్మ. 'తెలుపు' అన్నాను. 'సరిగ్గా చూడు.' చూశాను. నీలం ఉంది. రైలు వేమూరు చేరేదాకా నాకు ప్రతి కొంగ కిందా నీలమే కనిపించింది.

తెనాలి ప్రెస్సులో బొమ్మలకి అచ్చు ప్లేట్లు చేసే మస్తాన్‌గారికి పెద్దమ్మ ఆకాశాలంటే హడలు. 'అమ్మా, మీ ఆకాశం మా ప్రాణం తీస్తందమ్మా. యాడ మొదలైందో యాడ అయిపోయిందో అల్లాకే తెలియాల' అనేవాడు. 'నాకూ తెలీదు మస్తాన్‌గారూ' అని నవ్వేది పెద్దమ్మ. ఇద్దరూ కిటికీ దగ్గర నిలబడి ఒక్కొక్క బొమ్మే వెలుగులోకి పట్టుకుని చూస్తుంటే, పంతులుగారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చారు. అన్నీ చూసి బాగున్నాయన్నారు. మంచు పేజీ దగ్గర ఆగారు.

'సుగుణమ్మగారూ, ఈ పేజీ సగంలో వదిలేసినట్టున్నారు.'

'లేదండి. అయిపోయిందండి.'

'ఖాళీగా ఉందమ్మా. కొన్నవాళ్ళు నన్ను తిడతారు. ఓ నాలుగు తాడిచెట్లు పడెయ్యండి. పోనీ, పైన ఓ సూర్యుణ్ణి పెట్టండి.'

మా పెద్దమ్మ గొంతు పెంచగా నేను వినలేదు, ఆ రోజూ పెంచలేదు. బొమ్మలన్నీ తీసుకుని వరసగా చెక్కల మధ్య పెట్టి, తాడు చుట్టడం మొదలుపెట్టింది. పంతులుగారు 'అదేంటమ్మా, అదేంటి?' అని కంగారు పడ్డారు. 'ఆ ఖాళీయే బొమ్మండి. సూర్యుడుంటే కొంగ దారెందుకు తప్పుద్ది? అది తీసెయ్యాలంటే అన్నీ పట్టుకెళ్ళిపోతానండి. వేరేవాళ్ళ చేత వేయించుకోండి' అంది. తాడు ఎంతకీ ముడి పడటం లేదు. మస్తాన్‌గారు తల పక్కకి తిప్పుకున్నాడు. పెదనాన్న 'సుగుణా' అన్నారు. ఆవిడ వినిపించుకోలేదు. చివరికి పంతులుగారే తగ్గారు. 'సరే తల్లీ, మీ మంచు మీ ఇష్టం' అన్నారు. ఆ పేజీ అలాగే అచ్చయింది. అందుకే మా తరం పిల్లలకి, మా తర్వాతి తరానికి, అసలు మంచు అంటే ఏంటో ఒక పుస్తకంలో దొరికింది.

ఇంతా చేసి, వెళ్ళేముందు పంతులుగారు అడిగారు, 'మీ పేరు ఎలా వెయ్యమంటారు?' అని. అడిగింది పెద్దమ్మని. జవాబు చెప్పింది పెదనాన్న. 'పేరెందుకు లెండి. ఒక సహోదరి అని వెయ్యండి. మహిమ దేవుడికి చెందితే చాలు.' మా గుళ్ళో ఎవరైనా ఆడవాళ్ళు కానుక ఇస్తే ఆరాధన చివర అలాగే చదివేవారు. ఒక సహోదరి బియ్యం ఇచ్చింది, ఒక సహోదరి బల్ల మీదికి గుడ్డ కుట్టి ఇచ్చింది అని. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదని వాక్యం. అది కానుకల విషయంలో మంచి మాటే. కానీ పెద్దమ్మ బొమ్మలు గుళ్ళో పళ్ళెంలో వేసిన బియ్యం కావు. పైగా ఆ వాక్యం మగవాళ్ళకి వర్తించగా నేను చూడలేదు. గుడికి గంట ఇచ్చిన పెద్దమనిషి పేరు గంట మీదే పోత పోసి ఉంది. పంతులుగారి పేరు ఈ పుస్తకం అట్ట మీద అంతంత అక్షరాలతో ఉంది. ఆయనకి దేవుడి మహిమ అడ్డం రాలేదు. పెద్దమ్మ వంగి ఖాళీ దుప్పటి మడతపెట్టుకుంది. పుస్తకం లోపలి పేజీలో 'బొమ్మలు: ఒక సహోదరి' అని చిన్న అక్షరాల్లో వచ్చింది. పెదనాన్న సంఘంలో అందరికీ చూపించి మురిసిపోయారు. ఆయనకి భార్య మీద ప్రేమ లేదని అనలేను. ఆ ప్రేమ చేసిన అన్యాయం సంగతే నేను చెబుతున్నది.

నాకు పెద్దమ్మ మీద కూడా కోపం ఉండేది. తెలుపు కోసం అంత పోట్లాడిన మనిషి, తన పేరు కోసం ఒక్క మాట అనలేదేంటి? ఆవిడ ముసలితనంలో, కళ్ళల్లో శుక్లాలు వచ్చి కుంచె పక్కన పెట్టేసిన రోజుల్లో, ఈ మాట అడిగేశాను. 'ఇంత మంచితనం పనికిరాదు పెద్దమ్మా' అని దులిపేశాను కూడా. ఆవిడ నవ్వింది. 'మంచితనం కాదే రూతూ. ఆ రోజు నాకు ఒక్క పోట్లాటకే ఓపికుంది. రెండోదానికి మిగల్లేదు' అంది. మళ్ళీ తనే, 'ఏదో ఒకటే దక్కుద్దంటే, బొమ్మే దక్కాలిగా' అంది.

ఆ రెండో పోట్లాట నేను చేస్తానని అప్పుడే అనుకున్నాను. పెద్దమ్మ పోయింది, పెదనాన్న పోయారు, పంతులుగారూ పోయారు. ప్రెస్సు మూతపడింది. అసలు బొమ్మలు ప్రెస్సు గోదాములో చెదల పాలయ్యాయని మస్తాన్‌గారి కొడుకు చెప్పాడు. నేను మాత్రం కనిపించిన సభలోనల్లా, కలిసిన ప్రతి ప్రచురణకర్త దగ్గరా, ఆ ఒక సహోదరికి ఒక పేరుందని చెబుతూనే ఉన్నాను. వినీ వినీ జనం నన్ను చూసి పక్క వీధిలోంచి పోవడం మొదలుపెట్టారు. అలాంటప్పుడు హైదరాబాదు నుంచి హర్ష అనే కుర్రాడు ఫోను చేశాడు. పిల్లల పుస్తకాలు వేస్తాడట. కారంచేడులో అమ్మమ్మ ఇంట్లో ఈ పుస్తకం చూస్తూ పెరిగాడట. పంతులుగారి వారసుల దగ్గర హక్కులు కొన్నాడు, అచ్చుకి మంచి ప్రతి దొరకడం లేదు. 'ఆ మంచు పేజీ నాకు ఇప్పటికీ కల్లోకి వస్తుంది మేడం' అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి. పేరు సంగతి చెప్పాను. 'అయ్యో, అది మా బాధ్యత మేడం. కవర్ మీదే వేస్తాం' అన్నాడు. నా దగ్గర మిగిలిన ఒక్కగానొక్క ప్రతి, చిన్నప్పటి నా ప్రతి, అతను బాపట్ల వచ్చినప్పుడు అతని చేతుల్లో పెట్టాను.

తెనాలి సభలో అట్ట మీద ఆ పేరు చూశాను. బొమ్మలు: కె. ఎస్తేరు సుగుణ. పంతులుగారి పేరుతో సమానమైన అక్షరాలు. ఒక్క నిమిషం పాటు నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ నిమిషం గడిచాక పుస్తకం తెరిచాను.

కొంగకి రంగు వేశారు. పాలిపోయిన నీలం, చుట్టూ నల్లటి గీత, కళ్ళకి పొడవాటి రెప్పవెంట్రుకలు. చేను మీద ఒక్క తడి మరక లేదు, ప్లాస్టిక్ చాప పరిచినట్టుంది. ఉప్పు పూలన్నీ మచ్చలనుకుని తుడిచేశారు. మంచు పేజీ తిప్పాను. మంచు లేదు. ఆనాడు పంతులుగారు అడిగిన తాడిచెట్లు ఇన్నాళ్ళకి మొలిచాయి. సూర్యుడు కూడా వచ్చాడు, పళ్ళు కనపడేలా నవ్వుతున్నాడు. పక్కన పూరిల్లు, పడవ నిండా జనం, నీళ్ళలో తామరపూలు. పట్టపగలు, అంతమంది మధ్య, మా కొంగ దారి తప్పి ఏడుస్తోంది.

'ఇదేంటి బాబూ?' అన్నాను, పక్క కుర్చీలో ఉన్న హర్షతో, మెల్లిగా.

'ఏది మేడం?'

'మంచు ఏది?'

'పాత ప్రింట్ బాగా ఫేడయింది మేడం. చాలా చోట్ల బొమ్మ మొత్తం పోయింది. ఏఐతో రిస్టోర్ చేయించాం.'

'పోలేదయ్యా. అక్కడ ఆవిడ ఏమీ వెయ్యలేదు.'

'అదే మేడం. వెయ్యకుండా వదిలేసినవి కూడా కంప్లీట్ చేశాం. ఆవిడకి నివాళిగా.' అని సంతోషంగా నవ్వాడు. అతని మొహంలో మోసం లేదు. ఆ మంచు కల్లోకి వచ్చేదన్న మాట కూడా అబద్ధం కాదు. అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది. ప్రేమతోనే చేశాడు. పెదనాన్న చేసింది కూడా ప్రేమతోనే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. ఇంతలో నాకు శాలువా కప్పి, నా పాత ప్రతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి తిరిగిచ్చారు. అది పుస్తకంలా లేదు, విడివిడి కాయితాల్లా ఉంది. 'స్కానింగుకి ఫ్లాట్‌గా ఉండాలి కదా మేడం, కుట్టు విప్పి అంచు కోయించాం' అన్నాడు. మైకు ముందు ఒక వక్త, ఆ ప్లాస్టిక్ చేలని జనానికి చూపిస్తూ, నీటిరంగుల సొగసు గురించి మాట్లాడుతున్నాడు. ఈ తడిని గమనించండి అంటున్నాడు. తడట! అప్పుడే నేను లేచింది.

పాతరోజులు బంగారమని నేను చెప్పను. ఆ రోజుల్లో ఒక మనిషి పేరుని భక్తి పేరు చెప్పి మింగేశారు. కానీ ఆ మనిషి చేతిని మాత్రం ముట్టుకోలేదు. ఆవిడ వదలమన్న చోట వదిలారు. ఇప్పుడు పేరుని పల్లకీ ఎక్కించి ఊరేగించి, చేతిని నరికేశారు. ఈ రెండింట్లో ఏది పెద్ద తప్పని అడిగితే, ఈ వయసులో నాకు తడుముకునే పని లేదు. పిల్లకి తెల్లకాయితం చూపిస్తే భయపడుతుందని ఎవరు చెప్పారు వీళ్ళకి? ఖాళీ ఉంటే అక్కడ పిల్ల తన కొంగని తనే చూసుకుంటుంది. వీళ్ళు ఆ పిల్లకి చూడటానికి ఏమీ మిగల్చలేదు. అన్నీ చూపించేశారు.

వారం గడిచాక హర్షకి ఫోను చేశాను. తిట్టాలనుకున్నవి తిట్టాను. అతను ఓపిగ్గానే విన్నాడు. వచ్చే ముద్రణలో పాత బొమ్మలు పాతవిగానే వెయ్యమన్నాను. 'కష్టం మేడం. ఖాళీ పేజీ చూస్తే పేరెంట్స్ ప్రింటింగ్ మిస్టేకని వెనక్కి పంపించేస్తారు. ఈ బొమ్మలకి రెస్పాన్స్ చాలా బాగుంది' అన్నాడు. నా దగ్గర హక్కుల కాయితం ఏదీ లేదు. ఉన్నది ఒక్కటే ఆయుధం.

'అయితే ఆవిడ పేరు తీసెయ్యండి' అన్నాను. 'ఇవి ఆవిడ బొమ్మలు కావు. ఆవిడ పేరుతో అమ్మడానికి వీల్లేదు.'

కంగారు పడతాడనుకున్నాను. వద్దు మేడం, ఆలోచిద్దాం మేడం అంటాడనుకున్నాను. ఎంత లేదన్నా కాసేపు బతిమాలతాడనుకున్నాను. అవతల ఏదో నొక్కిన చప్పుడు వినిపించింది.

'మీ ఫీలింగ్స్‌ని గౌరవిస్తాం మేడం. తీసేస్తాం. అది ఈజీయే' అన్నాడు.

నేను జీవితంలో సగం కాలం పోరాడి తెచ్చుకున్న పేరు. తియ్యడం ఈజీయేనట. ఫోను పెట్టేశాక పొయ్యి మీద కూర మాడిపోతున్నా చాలాసేపు లేవలేదు. బొమ్మే దక్కాలిగా అన్న పెద్దమ్మకి, బొమ్మా పేరూ రెండూ దక్కకుండా చేసింది నేనేనా అనిపించింది. తర్వాత, కాదు అనుకున్నాను. అబద్ధం కింద సంతకం లేకుండా చేశాను. దానికి ఏడవాల్సిన పని లేదనుకున్నాను గానీ, ఏడ్చాను.

మొన్న మా పక్కింటి షకీలా మనవరాలు కొత్త పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. రెండో ముద్రణ. 'టీచరమ్మమ్మా, ఇది మీ ఇంట్లోవాళ్ళ పుస్తకమంటగా, మా నాన్నమ్మ చెప్పింది' అంది. పక్కన కూర్చుని గబగబా పేజీలు తిప్పింది. కాలవ పేజీ వచ్చింది, వెళ్ళిపోయింది. వేలు పెట్టలేదు. పుస్తకం తీసుకుని లోపలి పేజీ చూశాను. 'కథ' అని పంతులుగారి పేరు ఉంది. దాని కింద 'బొమ్మలు' అని ఉంది, రెండు చుక్కలున్నాయి, ఆ తర్వాత ఏమీ లేదు. పేరు తీశారు గానీ ఆ మాట తియ్యడం మరిచారు. తెల్లగా కనిపించిన ప్రతిచోటా రంగు పులిమినవాళ్ళకి ఆ ఒక్క తెలుపు కంటపడలేదు.

బల్ల మీద పెన్ను తీశాను. పిల్ల ముందుకు వంగి చూస్తోంది. పెన్ను కాయితానికి ఆనించాను కూడా. ఎదుటి పేజీలోంచి ఆ రెప్పల కొంగ నావైపు చూస్తోంది. పెన్నుకి మూత పెట్టేసి పుస్తకం పిల్లకి ఇచ్చేశాను.

'ఏం రాయలేదేంటి? ఈ బొమ్మలు ఎవరేశారు అమ్మమ్మా?' అంది.

'నాకు తెలీదమ్మా' అన్నాను.